జానెడు పడమటి గోడ

నేను ఒక గోడను. గోడనే గాని, నా ఎత్తు జానెడుకు వేలెడు తక్కువ. పొడవు బడిపిల్లల స్కేలంత. నా మీద బల్లి పాకితే మీ ఇంటి మీద మొసలి పాకినట్టుంటుంది. నన్ను ఆనుకుని ఎవరూ బీడీ కాల్చలేదు, నా మీద ఎవరూ ఎన్నికల గుర్తు వేయలేదు, అర్జంటుగా ఎవరూ నా చాటుకు రాలేదు. గోడగా పుట్టి ఈ మూడు మర్యాదలూ తప్పించుకోవడం మా జాతిలో అరుదు.

అలాగని నన్ను బొమ్మగోడ అని తీసిపారేయకండి. అట్టముక్క మీద గీతలు గీసి ఎర్రరంగు పూస్తే తయారైనదాన్ని కాను. నాలో రెండు వేల మూడు వందల ఇటుకలున్నాయి. ఒక్కోటీ వడ్లగింజంత. ప్రతిదాన్నీ విడిగా పోసి, ఆరబెట్టి, సున్నంతో అతికి, వరుస మీద వరుసగా కట్టారు. కట్టినవారు మేస్త్రి కారు. పళ్ళసెట్లు చేసే అచ్యుతంగారు.

పళ్ళడాక్టరు వేరు, పళ్ళసెట్లు చేసేవారు వేరు. డాక్టరు ముందుగదిలో తెల్లకోటు వేసుకుని నోళ్ళు చూస్తారు. వెనకగదిలో ఒకాయన కిటికీ దగ్గర కూర్చుని, మైనంతో చిగుళ్ళు చేసి, వాటిలో పళ్ళు అమరుస్తుంటాడు. అచ్యుతంగారు ముప్పై ఎనిమిదేళ్ళు ఆ వెనకగదిలో కూర్చున్నారు. ఊళ్ళో పెద్దవాళ్ళ నవ్వుల్లో సగం ఆయన చేతిపనే. కానీ మనుషులు ఇల్లు ఎవరు కట్టారో గర్వంగా చెప్పుకుంటారు గాని, నవ్వు ఎవరు కట్టారో చచ్చినా చెప్పరు. కాబట్టి ఆయనకు పేరు రాలేదు. ఓపిక మాత్రం బాగా వచ్చింది.

ఆయన భార్య విశాలాక్షిగారు. ఆవిడ కాలువగట్టు పక్కనున్న శారదా పఠన మందిరంలో ముప్పై ఒక్క ఏళ్ళు లైబ్రేరియన్‌గా పనిచేశారు. రిటైరయ్యాక కూడా మధ్యాహ్నం మూడింటికి వెళ్ళి, చిరిగిన పుస్తకాలకు అట్టలు కుట్టి వచ్చేవారు. ఆ వేళ ఆవిణ్ణి పెళ్ళికి పిలిచినా వెళ్ళేవారు కాదు.

పోయిన మాఘమాసంలో ఆ భవనం పడమటి గోడకు పగులు కనిపించింది. ఒక ఇంజనీరుగారు వచ్చి చూశారు. పక్కనే కాలువ ఉంది కాబట్టి పునాది కుంగి ఉంటుందన్నారు. ఆ మాటే కాగితం మీద పెట్టారు. వానలు పడేలోపు భవనం కూలగొట్టాలని కమిటీ తీర్మానించింది. ఆ స్థలంలో కింద కొట్లు కట్టి, మూడో అంతస్తులో లైబ్రరీ పెడతారట. లైబ్రరీకి రోజూ వచ్చే పాతికమందిలో మూడంతస్తులు ఎక్కగలిగినవాళ్ళు నలుగురో ఐదుగురో. ఆ సంగతి తీర్మానంలో లేదు.

కమిటీ సెక్రటరీ సుబ్బారాయుడుగారు అచ్యుతంగారి ఇంటికి వచ్చారు.

“గుర్తుగా చిన్న నమూనా ఒకటి చేసిపెట్టండి అచ్యుతంగారూ. కొత్త భవనం గుమ్మంలో అద్దాల పెట్టెలో పెడదాం. పాతది ఎలా ఉండేదో పిల్లలకి తెలియాలి కదా” అన్నారు.

అచ్యుతంగారు భార్య వైపు చూసి, “చేస్తానండి” అన్నారు. భార్యకు కానుకగా ఇవ్వచ్చని ఆయన ఉద్దేశం. విశాలాక్షిగారు కాఫీ గ్లాసులు తీస్తూ ఒకే మాట అన్నారు:

“మనిషి బతికుండగానే దండ వేయడానికి ఫోటో కట్టిస్తున్నారన్నమాట.”

ఆ రోజు నుంచి ఆవిడ లైబ్రరీకి వెళ్ళడం మానేశారు. వరండాలో నమూనా పని మొదలయ్యాక, తన కుర్చీని అటువైపుకు వీపు వచ్చేలా తిప్పుకున్నారు.

ఇక నా పుట్టుక చెబుతాను. అచ్యుతంగారికి ఒక నియమం ఉంది. నోరు అచ్చు తీయకుండా సెట్టు చేయరు. కంటితో చూసి కొలతలు రాసుకుంటే కన్ను తనకు తెలిసిందే చూస్తుందని ఆయన నమ్మకం. అందుకని భవనానికి కూడా అచ్చు తీశారు. పలచటి కాగితం గోడకు ఆనించి, పెన్సిలు పడుకోబెట్టి రుద్దుకుంటూ పోయారు. డెబ్బై ఏళ్ళుగా వేసిన సున్నం పూతల కింద ఇటుకల అంచులు కంటికి సరిగా ఆనవు. కాగితం మీద మాత్రం ఒక్కో అంచూ నల్లగా లేచింది. పడమటి గోడ ఒక్కదానికే ఆరు రోజులు పట్టింది. దారినపోయేవాళ్ళు, “పాపం, పెద్దాయనకి ఏదో అయింది” అనుకుని పోయారు.

పగులు దగ్గర పెచ్చు ఊడిపడిన ఒక ఇటుకముక్కను జేబులో వేసుకుని ఇంటికి తెచ్చారు. దాన్ని పొడి చేయాలి. వంటింట్లో చిన్న రోలు ఉంది.

“పోపులోకి మిరియాలు దంచుకునే రోట్లో ఇటుకలా? రేపు చారులో ఇటుకపొడి తేలితే మీరే తాగాలి” అన్నారు విశాలాక్షిగారు. అన్నారే గాని, రోలు తీసి ఇచ్చారు.

పళ్ళ అచ్చులు పోసే తెల్లపొడిలో ఆ ఇటుకపొడి కలిపి, రబ్బరు అచ్చుల్లో పోశారు. అన్నీ ఒకే రంగులో వస్తే అబద్ధంలా ఉంటుందని, కొన్నింటికి కాటుకమసి తగిలించారు. అవి ఆవంలో ఎక్కువ కాలిన ఇటుకలన్నమాట. కొన్నింటిని పాలిపోయినట్టు ఉంచారు. అంచులు మరీ పదునుగా ఉన్నాయని అన్నింటినీ బిస్కట్ల డబ్బాలో గుప్పెడు ఇసకతో పాటు వేసి ఊపారు. మేం బయటికి వచ్చేసరికి ఒక్కొక్కళ్ళం నూరేళ్ళు బతికినట్టు మూలలు అరిగి ఉన్నాం. మనుషులు వయసు కనబడకూడదని తంటాలు పడతారు. నేను పుట్టిన రోజునే నా వయసు కనబడాలని ఆయన తంటాలు పడ్డారు.

సున్నాన్ని పాత పంచెగుడ్డలో వడకట్టి, పళ్ళసందుల్లో మైనం దిద్దే సన్నటి పనిముట్టుతో నా సందుల్లో నింపారు. ఎక్కువైనదాన్ని తడి టూత్‌బ్రష్‌తో తుడిచారు. వాన ధారలు కారిన మరకల కోసం టీ డికాక్షను పూశారు. ఇదంతా పెన్సిలు కాగితాలను పక్కన పెట్టుకుని, కాగితంలో ఇటుక ఎక్కడుంటే ఇక్కడా అక్కడే. తనకు అర్థమైందా లేదా అనే ప్రశ్న ఆయన వేసుకోలేదు. నోట్లో పన్ను వంకరగా ఉంటే అచ్చులోనూ వంకరగానే ఉండాలి కదా.

చైత్రం చివరికి నాలుగు గోడలం నిలబడ్డాం. పైకప్పు వేయాల్సి ఉంది. సరిగ్గా అప్పుడే ఏసోబు మేస్త్రి వచ్చాడు.

ఏసోబు మేస్త్రి చుట్టుపక్కల ఊళ్ళలో నలభై ఏళ్ళుగా ఇటుకపని చేసినవాడు. పఠన మందిరం కూలగొట్టే పని కమిటీ అతనికే ఇచ్చింది. ఆ రోజు మాత్రం పని కోసం రాలేదు. పళ్ళసెట్టు వదులై, మాట్లాడితే టకటకమంటోందని వచ్చాడు.

“అన్నం తింటంటే గుర్రం పోతన్నట్టుందండి సౌండు. మా ఆవిడ వీధిలోకెళ్ళి చూసొచ్చింది” అన్నాడు, సెట్టు తీసి గుడ్డలో పెడుతూ.

అచ్యుతంగారు దాన్ని ఆకురాయితో సవరిస్తున్నారు. మేస్త్రి బోసినోటితో బల్ల చుట్టూ తిరిగి మమ్మల్ని చూడటం మొదలుపెట్టాడు. తూర్పు గోడ చూసి తల ఊపాడు. ఉత్తరం గోడ చూసి, “బాగానే కట్టారండి” అన్నాడు. నా దగ్గరికి వచ్చి వంగాడు. కాసేపు చూసి పకపకా నవ్వాడు. పళ్ళు లేని నవ్వు కనక ఇంకా పెద్దగా వినిపించింది.

“ఏవండీ అచ్యుతంగారూ! గోడ కట్టమంటే పళ్ళసెట్టు కట్టేశారేంటండి?”

“ఏమయింది?”

“జాయింటు మీద జాయింటు వచ్చేసిందండి ఇక్కడ. ఇటికి మీద ఇటికి పళ్ళు పేర్చినట్టు పేర్చేశారు. రెండిటికల మద్దెన సందుందనుకోండి, దాని మీద పై వరసలో ఇటికి నడుం రావాలండి. అప్పుడే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఇదిగో, కింద నించి ఇక్కడిదాకా సందు తాడు దింపినట్టుంది. చూడండి, అవతలా అంతే. ఈ గోడ నిలవదండి. సగం డబ్బులు మింగేసి కట్టినోడు కూడా ఇలా కట్టడు.”

నాకు సిగ్గేసింది. నన్ను చూసి ఎవరైనా నవ్వడం అదే మొదటిసారి. అచ్యుతంగారు మాత్రం ఆకురాయి పక్కన పెట్టి, మెల్లగా అన్నారు:

“నేను కట్టింది కాదు మేస్త్రీ. అక్కడున్నదే.”

“అక్కడుండదండి! ఆ బిల్డింగు కట్టినోళ్ళు మామూలు మేస్త్రీలా? ఒక్క ఇటికి అటూ ఇటూ పోనిచ్చేవోళ్ళు కాదు. మీకు కళ్ళు తిరిగుంటాయండి, ఎండలో.”

ముప్పై ఎనిమిదేళ్ళలో అచ్యుతంగారి అచ్చు తప్పన్నవాళ్ళు లేరు. ఆయన లోపలికి వెళ్ళి కాగితాల కట్ట తెచ్చి, పడమటి గోడ కాగితాలు నేల మీద పరిచారు. గాలికి ఎగరకుండా నాలుగు మూలలా పళ్ళ అచ్చులు పెట్టారు. మేస్త్రి మోకాళ్ళ మీద కూర్చుని, కాగితం మీద వేలు పెట్టి కింద నుంచి పైకి జరుపుకుంటూ వెళ్ళాడు. వేలు ఏడడుగుల ఎత్తు దగ్గర ఆగింది. నవ్వు కూడా ఆగింది.

“నా పళ్ళివ్వండి ముందు” అన్నాడు.

సెట్టు పెట్టుకుని మళ్ళీ వంగాడు.

“ఇయ్యి చూశారా? ఈ వరస ఇటికలు పడుకుని లేవు, నిలబడున్నాయి. నిలువిటికలు తలుపు మీదో కిటికీ మీదో పెడతారండి, బరువు మొయ్యడానికి. ఊరకే గోడ మద్దెన ఎవడు పెడతాడు? ఇక్కడ తలుపుండేదండి. ఎవడో తొందరగాడు దాన్ని పూడ్చేశాడు. పాత ఇటికిలోకి కొత్త ఇటికి కరుచుకునేట్టు కట్టకుండా, మద్దెన దూర్చేసి చేతులు కడుక్కున్నాడు.”

“అయితే ఆ పగులు?”

“అదేనండి! పునాది కుంగితే పగులు ఏటవాలుగా మెట్లు మెట్లుగా పోద్ది. ఇది నిట్టనిలువుగా పోయి, ఇదిగో తలుపెత్తున ఆగిపోయింది. అది పగులు కాదండి బాబూ. తలుపు అంచు.”

“నువ్వు అక్కడికి పోయి చూశావు కదా మేస్త్రీ? అప్పుడెందుకు చెప్పలేదు?”

మేస్త్రి కాస్త తలవంచుకున్నాడు.

“కూలగొట్టడానికి ఎల్లినోణ్ణండి. పెకలించడానికి ఎన్ని రోజులు పడద్దో చూశాను గాని, గోడ వంక ఎందుకు చూస్తానండి?”

అప్పటిదాకా అటు తిరిగి కూర్చున్న కుర్చీ కిర్రుమంది. విశాలాక్షిగారు లేచి వచ్చారు. రెండు నెలల్లో ఆవిడ నన్ను చూడటం అదే మొదలు. కళ్ళజోడు పెట్టుకుని నా ముందు కూర్చుని, నిలువిటుకల వరుసను వేలికొనతో మెల్లగా తడిమారు.

“పక్క ద్వారం” అన్నారు.

ఇద్దరూ ఆవిడ వైపు చూశారు.

“పాత మినిట్సు పుస్తకంలో ఉంది. పందొమ్మిది వందల యాభై ఏడు. నలుగురు ఆడసభ్యులు అర్జీ పెట్టారు. అప్పట్లో ఆడవాళ్ళు ఎదురు గుమ్మంలోంచి రాకూడదట, వాళ్ళకి విడిగా పక్క ద్వారం ఉండేదట. ‘మేమును చందా చెల్లించు సభ్యులమే గనుక ఇకమీదట ఎదుటి ద్వారముననే రాదలచితిమి. పక్క ద్వారము మూయించగలరు’ అని రాశారు. మొదటి సంతకం మహలక్ష్మమ్మగారిది. ఆ పేజీ నేను ఎన్నిసార్లు చదివానో. కానీ ఆ ద్వారం ఎక్కడుండేదో నాకు తెలియలేదు. లోపల గచ్చు పూసేశారు, దాని ముందు నవలల బీరువా. ముప్పై ఒక్క ఏళ్ళు దానికి వీపు ఆనించుకుని కూర్చున్నానండీ నేను!”

మనుషులు ఏళ్ళ తరబడి వెతికే వస్తువు ఎక్కువగా వాళ్ళ వీపు వెనకే ఉంటుంది. గోడలకు వీపు లేదు కాబట్టి మాకు ఆ ఇబ్బంది లేదు.

కూలగొట్టడానికి ఇక పన్నెండు రోజులే ఉన్నాయి. మేస్త్రి ఆ సాయంత్రమే వెళ్ళి, నవలల బీరువా జరిపించి, లోపలి గచ్చు మీద ఉలితో రెండు పెచ్చులు లేపాడు. పగులు లేని వైపున కూడా నిలువు సందు కనబడింది. దాంట్లో ఇనుపరేకు పెడితే జానెడు లోపలికి జారిపోయిందట. ఈ కబురంతా అచ్యుతంగారు నా దగ్గర కూర్చుని భార్యకు చెబుతుంటే విన్నాను. నేను కదలలేను కనక నాకు తెలిసేవన్నీ ఇలాంటి కబుర్లే.

సుబ్బారాయుడుగారికి మాత్రం ఇది నచ్చలేదు. “ఇంజనీరుగారు కాగితం మీద రాశాక మేస్త్రి మాట పట్టుకుని ఆపమంటే ఎలాగండీ?” అన్నారు. విశాలాక్షిగారు వాదించలేదు. నన్ను బల్ల మీద నుంచి జాగ్రత్తగా విడదీయించి, పాత దుప్పట్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని రిక్షాలో ఇంజనీరుగారి ఆఫీసుకు తీసుకెళ్ళారు. జీవితంలో నేను చేసిన పెద్ద ప్రయాణం అదే. దారిలో గుంట వచ్చినప్పుడల్లా ఆవిడ రెండు చేతులూ నా చుట్టూ బిగుసుకునేవి. నన్ను చూడనని రెండు నెలలు అటు తిరిగి కూర్చున్న మనిషి!

ఇంజనీరుగారు ముప్పై ఏళ్ళావిడ. ముందు కాస్త చిరాకు పడ్డారు. తర్వాత నన్ను కిటికీ వెలుగులో పెట్టి చూశారు. పెన్సిలు కాగితాలు చూశారు. చివరికి, “సున్నం కింద ఉన్నది నాకు కనబడలేదండీ. కాలువ చూసి పునాది అనుకున్నాను. తవ్వి చూడాల్సింది” అన్నారు. తప్పు ఒప్పుకున్న మనిషి ముఖం గచ్చు రాలిన గోడలా ఉంటుందని ఆ రోజు తెలిసింది. అప్పటిదాకా లోపలేముందో తెలియదు, అప్పుడు తెలుస్తుంది. ఆవిడ లోపల మంచి ఇటుకే ఉంది.

వేసవి కాబట్టి కాలువకు నీళ్ళు ఆపేసి ఉన్నాయి. ఇంజనీరుగారు మర్నాడే వచ్చి, పగులు పక్కన నడుంలోతు గొయ్యి తవ్వించారు. పునాదిరాళ్ళు కట్టిన రోజున ఉన్నట్టే ఉన్నాయి. చెమ్మ లేదు, చీలిక లేదు. ఆవిడ అక్కడే గట్టు మీద కూర్చుని కొత్త కాగితం రాశారు. కూలగొట్టక్కర్లేదు, పూడ్చిన భాగం తీసి సరిచేస్తే చాలు.

ఏసోబు మేస్త్రి కూల్చే పని పోగొట్టుకుని కట్టే పని సంపాదించుకున్నాడు. “పాత ఇటికిలోకి కరిపించి మళ్ళీ మూసేస్తానండి. ఇంకో నూరేళ్ళు చూసుకోనక్కర్లేదు” అన్నాడు.

“మూయడం ఎందుకు? తెరవండి” అన్నారు విశాలాక్షిగారు.

సుబ్బారాయుడుగారు నవ్వారు. “బాగుందమ్మా! ఆడవాళ్ళు పోట్లాడి మూయించిన తలుపు, మళ్ళీ ఆడవాళ్ళే తెరవమంటే ఎలా?”

“అప్పుడు ఆ తలుపు వాళ్ళని పక్కకి పొమ్మంది, అందుకని మూయించారు. ఇప్పుడు ఎవరికి ఎటు వీలైతే అటు వస్తారు. ముందువైపు ఆరు మెట్లున్నాయి. ఇటు గట్టు ఎత్తు కాబట్టి ఒక్క మెట్టు కూడా అక్కర్లేదు. మోకాళ్ళ నొప్పులకి ఆడా మగా ఏముంది సుబ్బారాయుడుగారూ? మొన్న మీరు మెట్ల మీద కూర్చుని ఎంతసేపు ఆయాసపడ్డారో నేను చూడలేదా?”

ఆయన తన మోకాళ్ళ వైపు చూసుకున్నారు. తలుపు తెరవాలన్న తీర్మానానికి అడ్డు చెప్పినవారు లేరని మినిట్సు పుస్తకంలో రాసుకున్నారు.

అంతా సంతోషించారు. నేనొక్కదాన్నే భయపడ్డాను. అసలు గోడలో తలుపు తెరిస్తే నమూనాలోనూ తెరవాలి కదా. అచ్చు తప్పకూడదన్నది అచ్యుతంగారి నియమం. ఒకరోజు పొద్దున కాఫీ తాగి, సన్నటి బ్లేడు తీసుకుని నా ముందు కూర్చున్నారు. ఊపిరి బిగబట్టి, ఆ నిలువుసందు వెంబడే గీశారు. నొప్పి తెలియలేదు. ఆ ఇటుకలు నన్ను ఎప్పుడూ పట్టుకుని లేవు కదా, తేలిగ్గా వచ్చేశాయి. నూట నలభై ఆరు. విశాలాక్షిగారు వాటిని ఏరి చిన్న గాజుసీసాలో పోసి, కాగితం అతికించి, “మహలక్ష్మమ్మగారు మూయించినవి” అని రాశారు. ఒక్కటి మాత్రం ఏసోబు మేస్త్రి అడిగి తీసుకున్నాడు. తన దగ్గర పని నేర్చుకునేవాళ్ళకు చూపించాలట. “ఇటికి తప్పు కాదు, పెట్టినోడిది తప్పు అని చెప్తానండి” అన్నాడు. నాకు ఆ మాట నచ్చింది.

ఇప్పుడు నేను, తక్కిన మూడు గోడలతో మళ్ళీ అతుక్కుని, పఠన మందిరంలోనే ఉన్నాను. కొత్త భవనం గుమ్మంలో పాతదానికి గుర్తుగా పెట్టాలని నన్ను చేశారు. పాతది పోలేదు కాబట్టి నేను దేనికి గుర్తునో ఎవరికీ తెలియదు. అద్దాల పెట్టెలో, అసలు భవనం మధ్యలో చిన్న భవనంగా కూర్చున్నాను. వచ్చినవాళ్ళు వంగి చూసి, ఆ తర్వాత తలెత్తి చుట్టూ చూస్తారు. ఇన్నాళ్ళూ ఇక్కడికి వస్తూ గోడల వైపు చూడని వాళ్ళు, నన్ను చూశాక వాటి వైపు చూస్తారు. ఆ మాత్రం పని నాకు చాలు.

పైకప్పు వేయొద్దని విశాలాక్షిగారే అన్నారు. లోపల అచ్యుతంగారు చేసిన వేలెడు బల్ల, దాని ముందు కుర్చీ పైనుంచి కనిపిస్తాయి. ఆ కుర్చీ ఇప్పుడు తలుపుకు ఎదురుగా ఉంది.

రోజూ మధ్యాహ్నం మూడింటికి ఆవిడ గట్టు మీదుగా వచ్చి పడమటి తలుపు తీస్తారు. ఆవిడ వెనక చేతికర్ర పట్టుకుని ఒకరిద్దరు, వాళ్ళ వెనక, ఎవరూ చూడట్లేదనుకుంటూ సుబ్బారాయుడుగారు. వాళ్ళందరికంటే ముందు ఎండ లోపలికి వస్తుంది. పెద్ద తలుపులోంచి నేల మీద పడి, అద్దాల పెట్టె దాకా పాకి, నా తలుపులోంచి దూరి, ఆ వేలెడు బల్ల మీద వడ్లగింజంత వెలుగై కూర్చుంటుంది. ఆవిడ చిరిగిన పుస్తకం తీసి సూదిలో దారం ఎక్కించేదాకా అక్కడే ఉంటుంది.